సెలవు వీసా, తోటపని: మన పిల్లలు తెలుసుకోవలసిన సంగతులు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా నల్లబల్ల మీద కుడి నుంచి ఎడమకు రాస్తున్న చెయ్యి ఇది. తెలుగులో ప్రసంగమంటే ఎడమ నుంచి కుడికి నడవాలి. మధ్యలో ఎక్కడైనా తడబడితే మీరే సర్దుకోండి.

కార్యదర్శి గారు నాకీ విషయం అప్పగించడానికి కారణం వుంది. మన వడ్డీ లేని అప్పుల నిధికి, అదే ఖర్జె హసనా కమిటీకి, కొన్ని నెలల కిందట ఒక దరఖాస్తు వచ్చింది. బి.కాం. చదివిన కుర్రవాడు. ఆస్ట్రేలియాకు "పని, సెలవు వీసా" మీద పోవాలి, మూడు లక్షలు కావాలి అని రాశాడు. కమిటీలో పెద్దాయన ఒకరు కళ్ళద్దాలు పైకి నెట్టి, "సెలవుకు పోయేవాడికి అప్పెందుకు? పనికి పోయేవాడైతే సెలవంటాడేమి?" అన్నారు. అందరూ నవ్వారు. కాని ఆ ప్రశ్నలో పస వుంది. ఈ వీసా గురించి తెలుసుకోవలసిందంతా ఆ రెండు మాటల మధ్యనే వున్నది. ఆ అబ్బాయి ఇక్కడే వెనక వరుసలో వున్నాడు. పేరు చెప్పను. తల వంచుకోవద్దు బాబూ, నువ్వు అడిగింది తప్పేమీ కాదు. నీవల్ల మేం నలుగురం నాలుగు కాగితాలు చదివాం.

ముందు ఇది ఏమిటో చెప్తాను. ఒక దేశపు యువకులు ఇంకో దేశానికి పోయి ఒక సంవత్సరం తిరిగి చూసి, ఆ తిరగడానికి అయ్యే ఖర్చు అక్కడే చిన్నా చితకా పనులు చేసి సంపాదించుకునే ఏర్పాటు ఇది. ఆస్ట్రేలియా దీన్ని 1975లో మొదలుపెట్టింది. అప్పట్లో బ్రిటన్, ఐర్లండ్, కెనడా పిల్లలకే. తరువాత ఒక్కొక్క దేశమే చేరింది. ఈ పిల్లలు వీపున పెద్ద సంచి ఒకటి వేసుకుని, చవక వసతి గృహాల్లో ఒక గదిలో ఎనిమిది మంది పదిమంది పడుకుంటూ, ఊరి నుంచి ఊరికి పోతూంటారు గనుక వాళ్ళను బ్యాక్‌ప్యాకర్లు అంటారు. మన భాషలో ముసాఫిర్లు. కాకపోతే సరాయిలో దిగి, పొద్దున్నే లేచి తోటకు కూలికి పోయే ముసాఫిర్లు.

మన దేశానికి ఈ తలుపు ఈమధ్యనే తెరుచుకుంది. 2022 ఏప్రిల్ 2న రెండు దేశాలు వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ సంవత్సరం డిసెంబరు 29న అది అమల్లోకి వచ్చింది. అందులో ఒక చిన్న మాట, సంవత్సరానికి 1,000 మంది భారతీయ యువకులకు ఈ వీసా ఇస్తామని. 2024 అక్టోబరులో మొదటిసారి దరఖాస్తులు తీసుకున్నారు. రెండు వారాల్లోనే 40,000 మంది పేర్లు ఇచ్చారని ఆ దేశపు సహాయమంత్రే చెప్పాడు. 1,000 చోట్లకు 40,000 మంది! కాబట్టి కంప్యూటరులో చీటీ తీస్తారు. లాటరీ అనగానే కొందరు ఉలిక్కిపడుతున్నారు. ఇది జూదం కాదు. హజ్ కమిటీ వాళ్ళు ఖురా తీస్తారే, అలాంటిది. పేరు రావచ్చు, రాకపోవచ్చు. పేరు ఇవ్వడానికి 25 డాలర్లు తీసుకున్నారు. పేరు రాకపోతే అవి తిరిగి రావు. పేరు వస్తే 28 రోజుల్లో అసలు దరఖాస్తు పెట్టాలి. దాని రుసుము 650 డాలర్ల పైమాటే.

అర్హతలు మామూలువే. 18 నుంచి 30 సంవత్సరాల వయసు. ఇంటరు తరువాత కనీసం రెండు సంవత్సరాల చదువు. ఇంగ్లీషు పరీక్షలో సరాసరి 4.5 మార్కు. ఇది చాలా తక్కువ మార్కు. మా ఉర్దూ మీడియం పిల్లలకు ఆరు నెలలు గట్టిగా చెప్తే వచ్చేస్తుంది, ఆ పూచీ నాది. భార్యాపిల్లలను వెంట తీసుకుపోవడానికి లేదు. చేతిలో 5,000 డాలర్లు, దానిపైన తిరుగు ప్రయాణపు ఖర్చు చూపించాలి. సాధారణంగా ఒక యజమాని దగ్గర ఆరు నెలలకు మించి పనిచేయకూడదు. నాలుగు నెలలకు మించి చదవకూడదు. సంవత్సరం కాగానే బయలుదేరాలి.

ఇంకో సంవత్సరం వుండాలంటే ఒక షరతు వుంది. మారుమూల ప్రాంతాల్లో మూడు నెలలు, వాళ్ళు చెప్పిన రకం పని చేసి వుండాలి. తోటపని, పశువుల పని, ఇంకా కొన్ని. మూడో సంవత్సరానికైతే ఆరు నెలలు. ఈ మూడు నెలలనే అక్కడి పిల్లలు "88 రోజులు" అని పిలుచుకుంటారు. బ్రిటిషు పాస్‌పోర్టు వాళ్ళకు 2024 జూలై 1 నుంచి ఈ 88 రోజుల బాధ లేదు. వాళ్ళు కాయ కొయ్యకుండానే మూడు సంవత్సరాలు వుండవచ్చు. రాజ్యం పోయినా మర్యాదలు మిగిలాయన్నమాట. పోనివ్వండి.

ఇప్పుడు అసలు తోటల సంగతి. ఆస్ట్రేలియా మనకు కింద, భూగోళానికి ఆ పక్క వుంది గనుక అక్కడ డిసెంబరు, జనవరి ఎండాకాలం. పంట దేశంలో ఒకచోట ముగుస్తుంటే ఇంకోచోట మొదలవుతుంది. ఉత్తరాన డార్విన్, కేథరిన్ ప్రాంతంలో అక్టోబరు, నవంబరుల్లో మామిడి. తూర్పున యంగ్ అనే చిన్న పట్నం చుట్టూ నవంబరు, డిసెంబరుల్లో చెర్రీలు. మిల్డ్యూరాలో ఫిబ్రవరి, మార్చిలలో ద్రాక్ష. షెపార్టన్‌లో బేరి, ఆపిల్. టాస్మేనియా దీవిలో మార్చి, ఏప్రిల్ దాకా ఆపిల్. క్వీన్స్‌లాండ్‌లో బండబర్గ్ దగ్గర చిలగడదుంప, టమాటా, టల్లీ, ఇన్నిస్‌ఫెయిల్‌లలో ఏడాది పొడుగునా అరటి. వీపున సంచి వున్నవాడు ఈ పంటల వెంట నడుస్తాడు. మన పాలమూరు వాళ్ళు పని వెంట ఊళ్ళు మారలేదా? మిరపకోతలకు గుంటూరు పోయేవాళ్ళు లేరా? అదే సంగతి. తేడా ఒకటి, వీడి జేబులో పాస్‌పోర్టు వుంటుంది.

మా బడిలో చదివి, తరువాత డిగ్రీ చేసిన ఒక అబ్బాయి పేరు మొదటి ఖురాలోనే వచ్చింది. అతను కేథరిన్ దగ్గర మామిడి తోటలో పనిచేశాడు. వాట్సాప్‌లో నాకు మాటలు రికార్డు చేసి పంపేవాడు. అతను చెప్పింది వింటే రైల్వే కోడూరు తోటలు చూసినవాళ్ళకు కొంత తెలిసినట్టే వుంటుంది, కొంత వింతగా వుంటుంది. అక్కడ ఎక్కువగా వేసేది కెన్సింగ్టన్ ప్రైడ్ అనే రకం. దీని విత్తనం పందొమ్మిదో శతాబ్దంలో మన దేశం నుంచే పోయిందని చెప్తారు. మన దేశంలోని తెల్లవాళ్ళ సైన్యానికి గుర్రాలు తెచ్చిన ఓడలు తిరిగి పోతూ మామిడి టెంకలు తీసుకుపోయాయట. అంటే మనవాడు పోయి కోసింది ఒకరకంగా మేనమామ ఇంటి చెట్టే!

పొద్దున ఐదున్నరకే తోటలో వుండాలి. ఎండ ముదిరేలోగా పని సాగాలి. కాయను లాగకూడదు, తొడిమె వుంచి కత్తిరించాలి. సొన సంగతి మీకు తెలుసు. మన పిల్లలు మామిడికాయ కొరికి మూతి పుండు చేసుకుంటారు కదా. రోజుకు వేల కాయలు కోసేవాడి చేతులు, మెడ, కనురెప్పలు ఏమవుతాయో ఆలోచించండి. అక్కడ దీన్ని మామిడి దద్దురు అంటారు. నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు, కళ్ళకు అద్దాలు వేసుకోమంటారు. కొన్ని తోటల్లో చెట్ల వరుస పక్కనే ఒక బండి నడుస్తుంది. దాని మీద సబ్బునీళ్ళు కారుతూ వుంటాయి, కాయ కొయ్యగానే అందులో పడెయ్యాలి, సొన కాయకు అంటకుండా. కాయ చర్మం మీద అంత శ్రద్ధ! మనిషి చర్మం సంగతి మనిషే చూసుకోవాలి. మనవాడికి మొదటి వారంలోనే మెడంతా పొక్కింది. 40 డిగ్రీల ఎండ. "సార్, మే నెలలో మన ఊళ్ళో వుంటాం కదా, అది ఇంట్లో వుండటం. ఇది బయట వుండటం" అన్నాడు.

ఆపిల్, బేరి అయితే పని ఇంకోరకం. భుజాలకు పట్టీలున్న గుడ్డ సంచి రొమ్ము మీద వేలాడుతుంది. నిచ్చెన ఎక్కి కోసి సంచి నింపి, దిగి, పెద్ద చెక్కపెట్టెలో మెల్లిగా జారవిడవాలి. ఒక్కొక్క పెట్టెలో 400 కిలోల దాకా పడుతుంది. కాయకు దెబ్బ తగిలితే మేస్త్రీ ఊరుకోడు. చిన్న పళ్ళకైతే, బ్లూబెర్రీ లాంటివాటికి, కిలో లెక్కన కూలి. ఇక్కడే మోసం దూరుతుంది గనుక ఈ లెక్క కొంచెం నిదానంగా చెప్తాను.

కిలోకింత అని కూలి ఇచ్చేటప్పుడు చేయి తిరిగినవాడు బాగానే సంపాదిస్తాడు. కొత్తవాడు రోజంతా వంగి కోసినా అతనికి సగం కూడా రాదు. చాలాకాలం అక్కడి తోటల్లో ఇదే సాగింది. అక్కడి కార్మిక న్యాయాధికార సంస్థ 2021 నవంబరులో ఒక తీర్పు ఇచ్చింది. 2022 ఏప్రిల్ 28 నుంచి అమలైంది. దాని సారం ఇది: కిలో లెక్క వున్నా సరే, మనిషి పనిచేసిన గంటలకు గంట కూలి ప్రకారం ఎంత రావాలో దానికి తక్కువ ఇవ్వడానికి వీల్లేదు. ఎన్ని గంటలు పనిచేశాడో యజమాని రాసిపెట్టాలి. 2025 జూలై 1న ఆ దేశపు కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు అయింది. రోజు పనివాళ్ళకు జీతంతో కూడిన సెలవులు వుండవు గనుక దానిమీద నూటికి 25 అదనం. అంటే స్థూలంగా 31 డాలర్లు. ప్రతి జూలైలోనూ ఇది మారుతుంది, పోయేవాళ్ళు ఆ ఏటి అంకె చూసుకోవాలి.

లెక్కకోసం డాలరును 58 రూపాయలు అనుకుందాం. గంటకు 1,800 దాకా. ఈ అంకె వినగానే మన వాళ్ళ కళ్ళు మెరుస్తాయి, ఇప్పుడూ మెరుస్తున్నాయి, నాకు కనపడుతున్నాయి. ఆగండి. వారానికి 38 గంటలు నిండుగా పని దొరికిందనుకోండి, దాదాపు 1,180 డాలర్లు. అందులో మొదటి డాలరు నుంచే నూటికి 15 పన్ను. మిగిలేది 1,000. వసతికి వారానికి 200 పైనే. తిండి 100. తోటకు పోయిరావడానికి వ్యానువాడికి 50. చేతిలో మిగిలేది 600 చిల్లర. ఇది నిండు వారం సంగతి. వాన పడితే కోత లేదు. కాయ పండకపోతే కోత లేదు. లారీ రాకపోతే కోత లేదు. కోత లేని వారంలో కూడా వసతివాడు 200 తీసుకుంటాడు, కడుపు 100 తీసుకుంటుంది. మనవాడు ఉత్తరాన మామిడి అయిపోయాక క్వీన్స్‌లాండ్ పోతే అక్కడ మూడు వారాల్లో ఆరు రోజులే పని దొరికింది.

యజమాని పింఛను నిధికి కట్టేది ఒకటుంది, 2025 జూలై నుంచి జీతం మీద నూటికి 12. దేశం విడిచేటప్పుడు అడిగి తీసుకోవచ్చు. కాని ఈ వీసా వాళ్ళ దగ్గర అందులో నూటికి 65 పన్నుగా పట్టుకుంటారు. మిగిలిన ముప్పైఐదైనా మనదే, వదలొద్దు.

కంట్రాక్టర్ల సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. తోట యజమాని చాలాసార్లు నేరుగా కూలీలను పెట్టుకోడు. మధ్యలో ఒకడుంటాడు. మన మేస్త్రీ లాంటివాడు. వాడే వసతి చూపిస్తాడు, వాడే వ్యాను నడుపుతాడు, వాడే కూలి ఇస్తాడు, అన్నింట్లోనూ వాడే కోస్తాడు. అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థ 2013 నుంచి కొన్నేళ్ళపాటు 638 వ్యాపారాలను పరిశీలించి 2018లో నివేదిక ఇచ్చింది. సగానికి పైగా చట్టం తప్పినవే! కాబట్టి అక్కడ అన్నీ సక్రమంగా వుంటాయి, తెల్లవాళ్ళ దేశం కదా అనుకునేవాళ్ళు ఆ భ్రమ విమానం ఎక్కకముందే దించుకోవాలి. తేడా ఎక్కడంటే, చట్టం వుంది, అడిగే చోటు వుంది, అడిగినవాడికి దక్కే అవకాశం వుంది.

మనవాడికి క్వీన్స్‌లాండ్‌లో జరిగింది చూడండి. ఒక కంట్రాక్టరు వారం చివర కూలి చీటీలో తొమ్మిది గంటలు తక్కువ వేశాడు. మనవాడి దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం వుంది. నేనే పోయేముందు చెప్పాను, రోజూ తేదీ, తోట పేరు, ఎక్కిన సమయం, దిగిన సమయం, ఎన్ని బక్కెట్లు, అన్నీ రాసుకోమని. బడిపంతులు ఇంకేం చెప్తాడు, హోంవర్కే చెప్తాడు. అతను ఆ పుస్తకం పేజీ ఫోటో తీసి కంట్రాక్టరుకు పంపి, 13 13 94 నంబరుకు ఫోను చేయబోతున్నానని మర్యాదగా రాశాడు. అది అక్కడి కార్మికుల ఫిర్యాదుల నంబరు. ఇంగ్లీషు రానివాళ్ళు 131 450కి చేస్తే ఉర్దూ మాట్లాడే దుబాసీని కలుపుతారు. ఫోను చేయవలసిన అవసరం రాలేదు. రెండు వారాల్లో డబ్బు పడింది. మరో ఇద్దరు కుర్రాళ్ళకు, వాళ్ళు మనవాళ్ళు కాదు, వేరే దేశంవాళ్ళు, పుస్తకం లేదు, డబ్బు కూడా లేదు.

ఇంకా నాలుగు సంగతులు తొందరగా చెప్తాను. "ఏబీఎన్ తెచ్చుకో, అప్పుడే పని" అనేవాడిని నమ్మొద్దు. అది సొంత వ్యాపారం చేసుకునేవాడి నంబరు. అది పెట్టుకుంటే నువ్వు కూలీవి కావు, వ్యాపారివి, అప్పుడు కనీస వేతనమూ లేదు పింఛనూ లేదు. పన్ను నంబరు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. క్వీన్స్‌లాండ్, విక్టోరియా రాష్ట్రాల్లో కూలీలను పంపే కంట్రాక్టరుకు లైసెన్సు వుండాలి, అది వున్నదీ లేనిదీ ఎవరైనా చూసుకోవచ్చు. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. మన దేశానికి, వాళ్ళకు వైద్యం విషయంలో ఒప్పందం లేదు, కాబట్టి ఆరోగ్య బీమా లేకుండా పోవడమంటే గొడుగు లేకుండా తుఫానులోకి పోవడం.

వసతి గృహంలో దిగగానే బయటికి పోయే రెండో దారి ఎక్కడుందో చూడమని చెప్పండి. 2000 జూన్ 23 తెల్లవారుజామున క్వీన్స్‌లాండ్‌లో చిల్డర్స్ అనే ఊళ్ళో, పంట కోతలకు వచ్చిన పిల్లలు పడుకున్న వసతి గృహం తగలబడింది. 15 మంది చనిపోయారు. పొగ వస్తే మోగే గంట ఆ రాత్రి పనిచేయలేదు. నిప్పు పెట్టినవాడు ఒకడు, కాని అంతమంది పోవడానికి కారణం ఆ ఇంటి ఏర్పాట్లు కూడా. వాళ్ళూ మన పిల్లల వయసువాళ్ళే. ఆడపిల్లల కోసం విడి గదులున్న వసతులు వున్నాయి, ముందే అడిగి రాసిపెట్టించుకోవాలి. మన ఊళ్ళో ఒక అమ్మాయి నన్ను అడిగింది కూడా, "సార్, నేను పోకూడదా" అని. పోకూడదని నేనెందుకంటాను? వాళ్ళ నాన్నతో కలిసి కాగితాలు చదువుకోమన్నాను. ఇద్దరూ చదువుతున్నారు.

తోటల్లో ముస్లిములు కొత్త కాదు. షెపార్టన్ అన్నాను కదా, పళ్ళ తోటల పట్నం. 1920లలో అల్బేనియా నుంచి ముస్లిం యువకులు అక్కడికి పోయి కూలి చేశారు. కూడబెట్టి మెల్లిగా తోటలే కొన్నారు. 1960 ప్రాంతానికి మస్జిదు కట్టుకున్నారు. దానికంటే ముందు, 1860లో బర్క్, విల్స్ అనే ఇద్దరి నాయకత్వంలో ఆ దేశపు నడిబొడ్డు చూడబోయిన బృందం కోసం కరాచీ నుంచి ఒంటెలు పోయాయి. వాటి వెంట దోస్త్ మహమ్మద్ లాంటి ఒంటెలవాళ్ళు పోయారు. తరువాత వందలమంది పోయారు. ఎడారిలో టెలిగ్రాఫు తీగకు, రైలుపట్టాలకు సరుకు మోసింది వాళ్ళ ఒంటెలే. అందరినీ కలిపి "ఆఫ్గన్లు" అనేశారు. ఎడిలైడ్‌లో 1888-89లో కట్టిన మస్జిదు వాళ్ళదే. ఎడిలైడ్ నుంచి డార్విన్ పోయే రైలుకు "ఘాన్" అని పేరు వాళ్ళ వల్లనే. అది కేథరిన్‌లోనూ ఆగుతుంది, మనవాడు చూశాడు. ఇంత చేసినవాళ్ళకు 1901 చట్టం తరువాత పౌరసత్వం దొరకడమే కష్టమైంది. ఆ తెల్లవాళ్ళ విధానం 1973 నాటికి గాని పూర్తిగా పోలేదు. మనం పోయేది ఆ దేశానికే, ఆ చరిత్ర తెలిసి పోవాలి.

మిల్డ్యూరా ద్రాక్ష సంగతి కొందరు అడిగారు. అక్కడ ఎండుద్రాక్షకు పోయే తోటలున్నాయి, తినే ద్రాక్ష తోటలున్నాయి, సారాయికి పోయేవీ వున్నాయి. ఏ తోటలో చేరుతున్నామో ముందే అడగవచ్చు. దాని హుకుం ఏమిటో ఆలిములను అడగండి, నేను లెక్కల మాస్టర్ని.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించిన సంగతి. ఆ మామిడి తోట అబ్బాయి తల్లి మా వీధిలోనే వుంటుంది. పండగనాడు ఇంటికి పోతే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూర్చుని వున్నారు. "మీ అబ్బాయి అక్కడేం చేస్తాడు?" అంటే, "ఆఫీసులో" అన్నది ఆమె. నాకు ఎదురుగా. వాళ్ళు వెళ్ళిపోయాక, "ఎందుకమ్మా?" అన్నాను. "మాస్టరు గారూ, డిగ్రీ చదివించి కాయలు కోయిస్తున్నానని ఎట్లా చెప్పను? వాళ్ళ నాన్న తోటకూలి చేసి చదివించింది వీడు తోటకూలి చేయకూడదనే గదా" అన్నది. నేనేమీ అనలేకపోయాను. ఆమె మాటలో అబద్ధం లేదు. కూలి అంటే ఆమెకు గుర్తొచ్చేది భర్త పడిన అవమానం. చీటీ లేదు, గంటల లెక్క లేదు, దెబ్బ తగిలితే అడిగే దిక్కులేదు, సాయంత్రం మేస్త్రీ చేతిలో పెట్టిందే కూలి. ఆ తోటకూలిలో సిగ్గు ఎక్కడుంది, పనిలోనా, పని ఇచ్చే పద్ధతిలోనా? కొడుకు కూలి చీటీ ఫోటో ఆమెకు చూపించాను. గంటలు, రేటు, పన్ను, పింఛను అన్నీ విడివిడిగా వున్నాయి. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఉర్దూలో చదివి చెప్పాను. చాలాసేపు చూసి, "వాళ్ళ నాన్నకు ఇట్లాంటి కాగితం ఒక్కటైనా ఎవరూ ఇవ్వలేదు" అన్నది.

ఇక అప్పుల నిధి సంగతి. కమిటీలో నా అభిప్రాయం రాసిచ్చాను, అదే ఇక్కడా చెప్తాను, మీరు కాదనవచ్చు. ఈ వీసా మీద పోయినవాడు స్థిరపడిపోతాడు, డబ్బు పంపుతాడు, ఇల్లు కడతాడు అనే లెక్క తప్పు. రాయచోటి, కడపల నుంచి గల్ఫుకు పోయినట్టు కాదు ఇది. ఒక సంవత్సరం, మహా అయితే మూడు. అప్పు తీర్చే బాధ్యత నెత్తిన వున్నవాడు చెడ్డ కంట్రాక్టరును వదిలి పోలేడు. అసలు ఈ వీసాలో వున్న బలమే వదిలి పోగలగడం. బస్సెక్కి ఇంకో ఊరికి పోగలగడం. అందుకే ఆ 5,000 డాలర్లు, అంటే మన లెక్కన 2,90,000 రూపాయలు, కుర్రవాడి సొంతమై వుండాలి. రెండేళ్ళు ఇక్కడే పనిచేసి కూడబెట్టనివ్వండి, వయసు 30 దాకా వుంది కదా. చూపించడానికని ఎవరి దగ్గరో తెచ్చి బ్యాంకులో పెట్టి మర్నాడు తీసేసేవాళ్ళున్నారు. అలా పోయినవాడికి మొదటి వాన వారంలోనే తెలుస్తుంది. మన నిధి నుంచి వీసా రుసుము, పోయే టికెట్టు వరకు ఇవ్వవచ్చు, అదీ పేరు ఖురాలో వచ్చాకనే. వడ్డీకి తెచ్చి పోవడానికి ఎవరూ సలహా ఇవ్వకండి. వెనక వరుసలోని అబ్బాయికి ఈ మాట నేను విడిగా కూడా చెప్పాను, అతనికి నచ్చలేదు. కాని ఈ నెల నుంచి పొదుపు మొదలుపెట్టాడని వాళ్ళ అన్న చెప్పాడు.

"ఫార్మ్ వీసా" ఇప్పిస్తామని లక్షలు అడిగే ఏజెంట్లు పట్నంలో తిరుగుతున్నారు. భారతీయులకు అలాంటి వేరే తోటపని వీసా లేదు. పసిఫిక్ దీవుల వాళ్ళకు, తూర్పు తిమోర్ వాళ్ళకు వేరే పథకం వున్నది, అది మనది కాదు. ఖురాలో పేరు ఏ ఏజెంటూ తెప్పించలేడు. 25 డాలర్లు కట్టి ఎవరి పేరు వాళ్ళే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇచ్చుకోవచ్చు.

చివరగా ఒక పని. పేరు ఇచ్చేటప్పుడు పాస్‌పోర్టు, పాన్ కార్డు రెండూ అడుగుతారు. మన పిల్లల కాగితాలు చూస్తే నాకు భయమేస్తుంది. టెన్త్ మెమోలో షేక్ ఒక రకంగా, పాన్ కార్డులో ఇంకో రకంగా, ఆధార్‌లో మూడో రకంగా. ఒకచోట మహమ్మద్ పూర్తిగా, ఒకచోట రెండక్షరాలు, చుక్క. ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఏ గుమాస్తా బుద్ధికి తోచినట్టు ఆ గుమాస్తా రాశాడు. 28 రోజుల గడువులో ఇవి సరిచేయించుకోవడం అయ్యే పని కాదు. అందువల్ల వచ్చే ఆదివారం నుంచి, అసర్ నమాజు తరువాత, మా బడి వరండాలో కూర్చుంటాను. ఆస్ట్రేలియా పోయేవాళ్ళే కానక్కర్లేదు, ఎవరైనా రండి. టెన్త్ మెమో, పాన్, ఆధార్, పాస్‌పోర్టు వుంటే అదీ తీసుకురండి. నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూద్దాం. జిరాక్స్ కాదు, అసలు కాగితాలే తేవాలి.